మెరుపు పడకూడని పచ్చ పడవ

ఇరవై రెండేళ్లుగా నేను పెళ్లిళ్లలో మనుషుల కళ్లు మూయించి బతుకుతున్నాను. ప్రొద్దుటూరులో మా స్టూడియో తెలిసినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. సరిగ్గా తాళి కట్టే క్షణాన నా ఫ్లాషు ఠప్పుమంటుంది, పెళ్లికొడుకు కళ్లు మూస్తాడు, ఆల్బం ఇచ్చిన రోజు పెళ్లికూతురి మేనమామ కొట్టు మెట్ల మీద కూర్చుని నాతో గొడవ పెట్టుకుంటాడు. అది ఎప్పుడూ ఉండేదే, నేను పట్టించుకోను. కానీ ఒకరోజు మా అమ్మాయి పాత ఆల్బంలన్నీ ముందేసుకుని, "ఏంది నాన్నా, ఎవరి పెళ్లి చూసినా అందరి మొహాలూ ఒకే సున్నం కొట్టినట్టున్నాయి?" అంది. అది మాత్రం గుచ్చుకుంది.

ఫ్లాషు వెయ్యకుండా, ఉన్న కాస్త వెలుగులో కలర్ ఫిల్ము మీద రంగు నిలుస్తుందా? బొమ్మ పదునుగా వస్తుందా? ఇంటర్నెట్టు సెంటర్లు ఊళ్లోకి అప్పుడప్పుడే వస్తున్న కాలం. అడిగి తెలుసుకుందామంటే మా బజారులో అందరూ నాలాంటి ఠప్పుగాళ్లే. తీసి చూడటం తప్ప మార్గం లేదనిపించింది. పెళ్లిళ్లు లేని శూన్యమాసం చూసుకుని, నూటయాభై రూపాయల చొప్పున, తక్కువ వెలుగుకూ పనికొచ్చే ఫాస్టు ఫిల్ము రోళ్లు మూడు కొని, విశాఖపట్నం రైలెక్కాను. అక్కడ మా తోడల్లుడున్నాడు, సముద్రం ఉంది, రాత్రంతా మండే ఉక్కు కొలిమి ఉంది. తక్కువ వెలుగులు ఎన్ని రకాలో చూడాలంటే అంతకన్నా మంచి ఊరు నాకు తట్టలేదు.

దువ్వాడలో టీ

రైలు దువ్వాడ చేరేసరికి ఇంకా తెల్లారలేదు. మా తోడల్లుడు ప్రభాకర్ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, వాళ్ల క్వార్టర్‌కు ఈ స్టేషనే దగ్గర. దిగగానే ప్లాట్‌ఫారం మీద ఒక టీ బడ్డీ కనబడింది. ఒకటే ట్యూబులైటు, దాని కింద పొయ్యి మంట, ఆవిరి, మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన. ఊపిరి బిగబట్టి రెండు ఫోటోలు తీశాను.

"ఏటండీ, మెరవలేదు. మళ్లీ తియ్యండి" అన్నాడు ఆయన, జుట్టు సర్దుకుని.

"ఇది మెరవకుండా తీసే ఫోటో."

"మెరవకపోతే ఎలగ పడతాదండీ?"

ఆయన్ని ఒప్పించడానికి నేను లెన్సు చూపించి పాఠం మొదలుపెట్టాను. టీ రెండు రూపాయలు, మా ఊళ్లోకన్నా గ్లాసు పెద్దది, పాఠం కూడా కాస్త పెద్దదే అయింది. అటువైపు రైలు కూత వేసి కదిలింది. నా కెమెరా స్టాండు అందులోనే, పై బెర్తు మీద, దుప్పటి పక్కన ఉండిపోయింది. తక్కువ వెలుగులో కెమెరా కదలకుండా నిలబెట్టేది అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడానికి నాకు దిగి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఉక్కు ఊరి ఆకాశం

ప్రభాకర్ నవ్వాడు. మా మరదలు సుజాత నవ్వలేదు, అన్నం పెట్టింది. ఆవ పెట్టిన అరటికాయ కూర. మా వైపు కారం నాలుక మీద మండి అక్కడే ఆగుతుంది. ఇక్కడి ఆవ ముక్కులోంచి నెత్తికెక్కి, కళ్లలో నీళ్లు తిప్పి, ఆ తర్వాత ఇంకో ముద్ద పెట్టమంటుంది.

ఫ్యాక్టరీ లోపలికి కెమెరా తీసుకెళ్లనివ్వరు. చీకటి పడుతుండగా డాబా ఎక్కించి, "అటు చూస్తుండు అన్నయ్యా" అన్నాడు ప్రభాకర్. చూస్తూ ఉండగా దూరాన చెట్ల వెనక ఆకాశం ఒక్కసారిగా నారింజ రంగుకు తిరిగింది. ఇనుము తీశాక మిగిలే మడ్డిని, కరిగిన చిట్టెం అంటారు, పారబోస్తున్నారట. వాళ్లకు అది రోజూ ఉండేదే. సుజాత బట్టలు తీసుకుంటూ అటు తలైనా తిప్పలేదు. నేను పిట్టగోడ మీద బియ్యం సంచి పెట్టి, దాని మీద కెమెరా ఆనించి, నాలుగు సెకన్లు తెరిచి ఉంచాను.

ఇక్కడ ఫిల్ము గురించి ఒక్క ముక్క చెప్పాలి, విసుక్కోకండి. కలర్ ఫిల్మును పగటి ఎండకు సరిపోయేట్టు తయారుచేస్తారు. బల్బు వెలుగు దానికి నారింజగా కనబడుతుంది, ట్యూబులైటు ఆకుపచ్చగా, తెల్లవారుజాము నీలంగా. మన కన్ను సర్దుకుపోతుంది, ఫిల్ము సర్దుకోదు. అందుకని ల్యాబులో ప్రింటు వేసేవాడు అక్కరలేని రంగు తగ్గించి ఇస్తాడు. మా పెళ్లి పందిళ్ల నిండా ట్యూబులైట్లే కాబట్టి, రోలు ఇచ్చే కవరు మీద నేను ఏళ్ల తరబడి ఒకే మాట రాస్తూ వచ్చాను: ఆకుపచ్చ తగ్గించండి. సంతకం పెట్టినట్టు, చూడకుండా రాసేవాణ్ణి.

కరీం సాహెబు బల్ల ముందు

స్టాండు కోసం మర్నాడు సిటీ బస్సులో పాతవూరు వెళ్లాను. సందులో ఒక అరుగు మీద చిన్న కొట్టు, అందులో కెమెరాలు బాగుచేసే కరీం సాహెబు. అరవై దాటిన మనిషి. ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, రెండో కంటితో నన్ను చూశాడు. అటక మీంచి ఒక ఇనప స్టాండు దింపించాడు. రెండొందలు చెప్పి, నా మొహం చూసి నూట డెబ్భైకి ఇచ్చాడు. అది మోస్తే భుజం పడిపోయేంత బరువు.

"బరువుంటేనే మంచిది సాబ్. గాలికి కదలదు" అన్నాడు. నేను వచ్చిన పని విని ఆయనకు హుషారొచ్చింది. చాయ్ తెప్పించాడు. "నాలుగొందల స్పీడు ఫిల్మా? వెలుగు కొలిచే మీటరు మీద రెండొందలు పెట్టండి. కలర్ ఫిల్ముకు వెలుగు కొంచెం ఎక్కువైతే ఏం కాదు, తక్కువైతేనే ఇసక పోసినట్టు గరుకుగా వస్తుంది, రంగు చచ్చిపోతుంది. లెన్సు పూర్తిగా తెరవండి. కానీ తెరిస్తే ఒక్క చోటే పదును వస్తుంది, ముందూ వెనకా అంతా మసక. ఆ ఒక్క చోటు ఏదో ముందే అనుకోవాలి."

ఆయన కొట్లో ట్యూబులైటు కింద నేను ఆయన్ని తీస్తుంటే ఒకామె చేపల గంప అరుగు మీద దించింది. వాళ్లింటికి రోజూ చేపలు పోసే నూకాలమ్మ. నలభై ఏళ్లుంటాయి. కెమెరా వంక, నా వంక, మళ్లీ కెమెరా వంక చూసింది.

"ఏటి బాబూ, మీరు మెరుపు లేకండా తీత్తారా ఫొటో?"

"అందుకే ఇంత దూరం వచ్చాను."

ఆమె గంప పక్కనే చతికిలబడింది. "అయితే మాకొకటి తియ్యాల. ఎల్లుండి పొద్దు పొడవకముందే మా కొత్త పడవ దించుతన్నాం. ఊళ్లో ఫొటోలోల్లని అడిగినాను. మెరుపు లేకపోతే పడదంటన్నారు."

"మెరిస్తే ఏమవుతుంది?"

"మా నాన్న సముద్రం మీద పిడుగు పడి పోనాడు బాబూ. అప్పట్నుంచి కొత్త పడవ నీళ్లు తాకకముందు దాని మీద మెరుపు పడనియ్యం. ఫొటో మెరుపైనా సరే."

ఈ శూన్యమాసంలో ముహూర్తమేమిటని అడిగాను. మా ఊళ్లో ఈ నెలలో కొత్త చీపురు కూడా కొనరు. "సేపలకి శూన్యమాసం ఉండదు కదా" అని ఆమె, కరీం సాహెబు కలిసి నవ్వారు.

అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది. పడవ ఆమె అన్న అప్పన్న, ఆమె భర్త ఎల్లాజీ కలిసి కట్టించారు. రంగు వెయ్యకముందే అప్పన్న దుంగ మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు, పెద్దాసుపత్రిలో ఉన్నాడు. చేప ఒడ్డుకు దగ్గరగా ఉన్న రోజులు, ఆగితే కాలం పోతుంది. అందుకని అతను లేకుండానే దించుతున్నారు.

"ఒడ్డు మీద నిలబడి ఎదురుసూసేది మాము గదా బాబూ. దూరాన పది పడవలొత్తంటే మనది ఏదో రంగు బట్టే తెలుత్తాది. మా నాన్నోల్ల రంగు పచ్చ. కొట్లో దొరకదు, ఆకుపచ్చలో పసుపు రంగు కలపాల. మా ఆయనోల్లది నీలం. అన్న లేకండా సూసి నీలం ఏసేత్తారని, పడవ ఆల్లదైపోతాదని మా అన్నకి అనుమానం. నాను కూడు పట్టుకెల్తే తినడు, గోడకి తిరిగిపోతాడు. పచ్చే ఏసినాం అన్నా అంటే, నోటితో ఏటైనా సెప్తారంటాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కన్నోళ్లు పోనాక నాకు అన్నొక్కడే బాబూ. ఫొటో సూత్తే నమ్ముతాడు."

నమ్ముతాడు, నాదీ పూచీ అన్నాను. నాకు అలాంటి మాటలు తొందరగా వచ్చేస్తాయి.

ఒడ్డున, పొద్దు పొడవకముందు

ఆ చలిలో ఇనప స్టాండు భుజాన వేసుకుని ఇసకలో నడుస్తుంటే కరీం సాహెబు మీద కోపం వచ్చింది. పడవ నీళ్లకు పాతిక అడుగుల దూరంలో దుంగల మీద ఉంది. ఎల్లాజీ వచ్చి పలకరించాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. "బావ పంపినాడేటి?" అని ఆశగా అడిగాడు. కాదంటే తలాడించి తాడు సర్దుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆడవాళ్లు పడవ ముక్కుకు పసుపు రాసి బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. నేను ఒక సంగతి నిజంగా చెప్పాలి. ఆ వెలుగులో పడవ ఏ రంగో నా కంటికి తెలియలేదు. నల్లగా ఉంది, కాసేపటికి బూడిదరంగుకు వచ్చింది. అంత తక్కువ వెలుగులో మన కన్ను ఆకారాలే చూస్తుంది, రంగులు చూడదు. నాకు లేని చూపు ఫిల్ముకు ఉంటుందని నమ్మి మీటరు చూసుకుంటున్నాను.

పడవ ముక్కు పక్కన, పసుపు రాసిన చోటికి జానెడు కింద, రంగు మీద ఏదో మరక ఉంది. స్టూడియోవాడి అలవాటు, జేబురుమాలు తీశాను.

"ఉండనియ్యండి బాబూ" అంది నూకాలమ్మ గబుక్కున అడ్డొచ్చి. "మీ అద్దం అక్కడికే పెట్టండి."

"మనుషులను వదిలేసి చెక్కకు పెట్టమంటావా? మొహాలన్నీ మసకగా వస్తాయమ్మా."

"మనుసులు ఎలాగూ కదుల్తారు. పడవ కదల్దు."

కరీం సాహెబు చెప్పిన ఆ ఒక్క చోటు ఏదో ఈమె ముందే అనుకుని వచ్చింది. ఆమె కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని నిలబడింది. చలికేమో అనుకున్నాను.

లెన్సు సెకనులో ఎనిమిదో వంతు తెరిచి ఉంచుతూ ఆరు ఫోటోలు తీశాను. "మెరవలేదేటి?" అని ఎవరో అన్నారు. "మెరవదులే" అంది నూకాలమ్మ, నాకన్నా ధీమాగా. ఆ తర్వాత పన్నెండు మంది భుజాలు ఆనించి, కేకలు వేసుకుంటూ పడవను తోశారు. నేనూ ఒక చెయ్యి వేశాను, ఒక అల నా ప్యాంటు మోకాళ్లదాకా తడిపింది. మొదటిసారి సముద్రం ముట్టుకున్నది అలాగే.

సూర్యుడు పైకొచ్చేసరికి పడవ చాలా దూరం పోయింది. "అదిగో మనది" అంది నూకాలమ్మ. నాకు చుక్క కనబడింది, ఆమెకు రంగు కనబడింది. వాళ్లింటి ముందు చద్దన్నం, వేయించిన నెత్తళ్లు పెట్టించింది. మా రాయలసీమవాళ్లం చేపంటే చెరువు చేపే అనుకుంటాం. ఆ చిన్న చేపలు ముళ్లతో సహా కరకరమని నమలొచ్చని తెలిశాక ఇంకో పిడికెడు అడిగి మరీ తిన్నాను.

కవరు మీద రాసిన మాట

స్టేషను రోడ్డులో ఒక కలర్ ల్యాబులో రోలు ఇచ్చాను. కడిగి ప్రింటు వెయ్యడానికి ఒక రోజు అన్నారు. కౌంటర్లో కుర్రమొహం మనిషి శ్రీను, ప్రింటింగ్ మిషను అతనిదే. కవరు ఇచ్చాడు, పెన్ను ఇచ్చాడు. పేరు రాశాను, దాని కింద చెయ్యి దానంతట అదే ఇంకో మాట కూడా రాసేసింది.

ఆ ఖాళీ రోజు సింహాచలం వెళ్లాను. కొండ మీద స్వామి ఏడాదంతా చందనం కప్పుకునే ఉంటాడు, నిజరూపం ఒక్కరోజే. ఆయన్నీ అప్పన్న అనే పిలుస్తారు, ఈ వైపు ఇంటికొక అప్పన్న ఎందుకున్నాడో అక్కడ తెలిసింది. కెమెరా బయట పెట్టి వెళ్లాను, లోపలి దీపాల వెలుగు చూసి వేళ్లు దురద పెట్టాయి.

మర్నాడు కవరు విప్పి చూశాను. పడవ ముక్కు మీద పసుపు, బొట్లు, చెక్క అతుకులు కూడా లెక్కపెట్టేంత పదును. ఫ్లాషు లేకుండా! నా సంతోషానికి హద్దు లేదు. నాలాంటివాళ్లకు ఉన్న జబ్బే ఇది. పదును చూసి మురిసిపోతే ఇంకేదీ కనబడదు. నేరుగా ఆసుపత్రికి వెళ్లాను.

నూకాలమ్మ వరండాలో క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. ఫోటో చూపించబోతే వద్దంది. "ముందు అన్నే సూడాల. నాను సూసినానంటే ఏటో మార్పించినానంటాడు."

అప్పన్న పెద్ద శరీరం, కాలు పైకి కట్టి ఉంది. తలదగ్గర నీళ్ల సీసా, ఆకు చుట్ట. నా పరిచయం విని ఫోటో అందుకున్నాడు, కిటికీ వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"నాను సెప్పలేదేటి? నీలం."

నేను లాక్కుని చూశాను. కిటికీ వెలుగులో పడవ బూడిద కలిసిన నీలంగా ఉంది. వెనకాల మనుషుల చొక్కాలు, ఇసక, అన్నీ ఏదో జబ్బు చేసినట్టు గులాబీగా ఉన్నాయి. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. అదే రోల్లో టీ బడ్డీ, కరీం సాహెబు కొట్టు ఉన్నాయి, ట్యూబులైటు పచ్చతో. ఆకుపచ్చ తగ్గించమని నేనే కవరు మీద రాశాను. శ్రీను రోలు మొత్తంలోంచి పచ్చ పీకేశాడు, వాళ్ల నాన్న పచ్చతో సహా. తెల్లవారుజాము నీలం మాత్రం మిగిలింది.

"ఇది నా పొరపాటు. పడవ పచ్చే" అన్నాను.

"మీరు సూసినారా మీ కల్లతో?"

చూడలేదు. ఆ మాటే చెప్పాను. అతను గోడవైపు తిరిగాడు. "ఎల్లండి బాబూ. ఆడు నా పడవ తీసేసుకున్నాడు. సెల్లి కూడా ఆడి పక్కే."

బయటికి వచ్చి నూకాలమ్మ మొహం చూడలేకపోయాను. సంగతి చెప్పాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "పోన్లెండి బాబూ" అని క్యారియర్ కింద పెట్టేసి గోడకు ఆనుకుంది. మర్నాడు ఊరికి టికెట్ ఉంది, మానుకున్నాను.

డబ్బా మూత

నూకాలమ్మ ఇంటినుంచి రంగు డబ్బా మూత తెచ్చి ఇచ్చింది. అంచున ఎండిన పచ్చ, లేత అరిటాకు ఎండలో ఎలా ఉంటుందో అలా. ఆ మూత పట్టుకుని ల్యాబులో శ్రీను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"సార్, మీరే కదా రాసినారు తగ్గించమని" అన్నాడు అతను.

"నేనే. ఇప్పుడు నేనే పెంచమంటున్నాను."

నెగటివ్ చెడలేదు, అదే అదృష్టం. ఒక ప్రింటు వేశాడు, మూత పక్కన పెట్టాం, పచ్చ చాలలేదు. ఇంకొకటి వేశాడు, ఇసక కూడా పచ్చబడింది. పసుపు రాసిన చోటు నిజంగా పసుపులా ఉండాలి, మనుషులు మనుషుల్లా ఉండాలి, పడవ మూతలా ఉండాలి. ఐదో ప్రింటుకు మూడూ కుదిరాయి. మొదటిసారి ఆ పడవను నేను చూశాను. ఆ మసక చీకటిలో నా కంటికి అందని రంగు అంతా ఫిల్ము పట్టుకునే ఉంది.

శ్రీనుకు కూడా పట్టుదల వచ్చి, ఒకటి పెద్దసైజు కూడా వేస్తానన్నాడు. అది ఆరుతుండగా భూతద్దం పెట్టి చూస్తూ, "సార్, ఈ మరక టచప్ చేసెయ్యమంటారేటి?" అన్నాడు.

అద్దం నేను తీసుకుని చూశాను. మరక కాదు. ఐదు వేళ్లు. తడి రంగు మీద అరచెయ్యి ఆనించి తీస్తే పడిన గుర్తు, గీతలతో సహా.

"వద్దు. ముట్టుకోకు" అన్నాను.

వరండా, వార్డు

ఈసారీ నూకాలమ్మ వరండాలోనే ఆగిపోయింది. నేను చిన్న ఫోటో, మూత అప్పన్న చేతికి ఇచ్చాను. మూత చూసి అతని కళ్లు ఒక్కసారి మెరిశాయి, మళ్లీ చిన్నవయ్యాయి.

"డబ్బాలో ఉన్నాది, సరే. పడవ మీదేసినారని ఏటి నమ్మకం? నిన్న నీలం తెచ్చినారు, ఇయాల పచ్చ తెచ్చినారు. రేపు ఎరుపు తేగల్రు. మిసన్లో ఏ రంగైనా వొత్తాది, అవునా కాదా?"

అవును, వస్తుంది. నేనే నిరూపించాను కదా. పెద్ద ఫోటో అతని పొట్ట మీద పెట్టి, శ్రీను దగ్గర అడిగి తెచ్చుకున్న భూతద్దం చేతికిచ్చి, పడవ ముక్కు పక్కన వేలు పెట్టాను.

అప్పన్న వంగి చూశాడు. పక్క మంచం రోగి దగ్గు ఆపి ఇటు చూశాడు. అప్పన్న అద్దం దగ్గరికి, దూరానికి జరిపాడు. తర్వాత తన పెద్ద చేతిని ఆ గుర్తు మీదుగా గాలిలో పెట్టి చూసుకున్నాడు.

"మా నాన్న రంగేసినాక ఆకర్న ఇక్కడ సెయ్యేసేవోడు" అన్నాడు మెల్లగా. "తరవాత నాను. ఇంకెవలం ఎయ్యం. ఎల్లాజీకి ఈ సంగతి తెల్దు." ఇంకోసారి చూశాడు. "ఇది సిన్న సెయ్యి. ఆడది."

భూతద్దం నా చేతిలో పెట్టి గుమ్మం వైపు చూశాడు.

"అది బయటున్నాదా?"

"వరండాలో ఉంది."

"రమ్మనండి."

నూకాలమ్మ గుమ్మంలో నిలబడింది. లోపలికి నాలుగడుగులు వేసి మంచానికి దూరంగా ఆగింది. కుడిచెయ్యి ఇంకా కొంగులోనే.

"సెయ్యి సూపు" అన్నాడు అప్పన్న.

"ఆడదాన్ని, ఎయ్యకూడదేమో అని సెప్పలేదన్నా. నువ్వు లేవు. సెయ్యి లేకండా పంపడానికి నాకు మనసొప్పలేదు."

"సూపు."

ఆమె కొంగు తీసింది. చేపలు పొలుసు తీసి, గిన్నెలు తోమి, ఇన్ని రోజులైనా అరచేతి గీతల్లో, గోళ్ల చుట్టూ ఆ పచ్చ పోలేదు. అప్పన్న ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగి, ఆ చేతి పక్కన ఫోటో పెట్టాడు. చేతిని చూశాడు, ఫోటోను చూశాడు, మళ్లీ చేతిని చూశాడు. నా ఇరవై రెండేళ్లలో నా ఫోటోను అంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు. నేను కిటికీ వైపు తిరిగాను.

"రంగులో పసుపు ఎక్కువ కలిపేసినావు" అన్నాడు అప్పన్న.

"నువ్వు లేవు కదా. గుర్తున్నంత కలిపినాను." నూకాలమ్మ ఏడుస్తోంది. "నువ్వొచ్చినాక మళ్లీ ఏద్దువుగానిలే."

అతను ఇంకా ఆమె చెయ్యి వదల్లేదు.

"ఒద్దు, ఉండనీ. దూరానికి బాగా అవుపడతాది" అన్నాడు. "క్యారియర్లో ఏటి తెచ్చినావు?"